ఫెయిర్ కాపీ

ఫిల్మ్ నగర్, హైదరాబాద్
9 జూన్ 2024, ఆదివారం

ఫిలోమినా అత్తకు,

ఈ ఉత్తరం నిలబడి చదువుతున్నట్లయితే ముందు కూర్చో. నాకు పదకొండో వారం. అవును, నువ్వు అనుకుంటున్నదే.

రాయాలా వద్దా అని రెండు వారాలు తటపటాయించాను. మీ మిషన్ ఆస్పత్రిలో ఫోన్ పలికితే ఈపాటికి చెప్పేసి, నీ తిట్లు కూడా తినేసి ఉండేదాన్ని. కొండ మీద సిగ్నల్ లేకపోవడం ఒక్కోసారి నా అదృష్టమే.

నాలుగేళ్ల కిందట నా బుగ్గలు ఎర్రగా కందిపోవడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, సూదితో కిడ్నీ ముక్క తీసి లూపస్ అని తేల్చడం, అంతా నీకు తెలిసిందే. ఒంటిని కాయాల్సిన కాపలావాళ్లే ఒంటి మీద పడే జబ్బు అని నాకు అర్థమయ్యేలా చెప్పింది నువ్వే. ఇది తెగించి చేసిన పని కాదత్తా. జబ్బు ఏడాదిగా నిద్రపోతోందని కిడ్నీ డాక్టరు రవిచంద్ర గారు అన్నాకే అనుకున్నాం. బిడ్డకు పడని పాత మాత్ర మానిపించి వేరేది ఇచ్చారు. ఆరు నెలలు ఆగమన్నారు, ఆగాం. కాన్పుల డాక్టరు స్ఫూర్తి గారు రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ కూడా వేసుకోమన్నారు.

ఇద్దరూ కలిసి నా చేత ఒక నోట్‌బుక్ పెట్టించారు. రోజూ పొద్దున్నే బీపీ చూసి రాయాలి. మూత్రంలో స్ట్రిప్ ముంచి ప్రోటీన్ ఎన్ని ప్లస్‌లో రాయాలి. బీపీ 140/90 దాటినా, ప్రోటీన్ రెండు ప్లస్‌లు వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి రావాలి. రవిచంద్ర గారు ఇంకో మాట కూడా అన్నారు. "జబ్బు మళ్లీ లేచి కిడ్నీ పోయేలా ఉంటే, బిడ్డ బయట బతికే వయసు ఇంకా రాకపోతే, మేం నిన్నే చూసుకుంటామమ్మా. ఇది ముందే తెలుసుకో." ప్రేమ్ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. ఇరవై ఎనిమిది వారాలు దాటితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చట. అంటే అక్టోబరు ఆరు.

పని మానలేదు. కొత్త వెబ్ సిరీస్‌కి కంటిన్యుటీ నాదే. షాట్ షాట్‌కీ హీరోయిన్ చేతికి గాజులెన్ని, గ్లాసులో నీళ్లు ఎందాకా ఉన్నాయి అని రాసుకునే పని. నా రఫ్ ప్యాడ్‌లో ప్రతి టేకూ ఉంటుంది, చెడిపోయినవి ఎన్.జి., బాగున్నది ఓకే. ప్యాకప్ అయ్యాక ఓకే టేకులు మాత్రం ఫెయిర్ కాపీలోకి ఎక్కించి ఎడిటింగ్‌కి పంపుతాను. నా ఫెయిర్ కాపీలో ఒక్క కొట్టివేత ఉండదని యూనిట్ అంతా చెప్పుకుంటారు. డాక్టర్ల నోట్‌బుక్ కూడా అలాగే పెడతాను చూడు.

తిట్టాలనుంటే తిట్టు. తర్వాత మాత్రం దీవించు.

నీ షాలిని


కొండవలస మిషన్ డిస్పెన్సరీ
22 జూన్ 2024

షాలూకి,

కూర్చునే చదివాను. చదివాక లేవడానికే చాలాసేపు పట్టింది.

సంతోషించావా అని అడగకు. నలభై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్నదాన్ని. కడుపుతో ఉన్నానని ఎవరు చెప్పినా ముందు పాదాలు చూస్తాను, తర్వాతే మొహం. నీ పాదాలు ఇక్కణ్ణుంచి కనబడవు.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. మీ అమ్మ రోజ్‌మేరి కిడ్నీలు పోయి చనిపోయిందని నీకు తెలుసు. అప్పుడు ఆమెకు ఆరో నెల అని నీకు చెప్పలేదు. నీకు ఎనిమిదేళ్లు. ఆమెకు కాళ్లు వాచాయి. 'నీళ్లోసుకున్నవాళ్లకి కాళ్లకు నీరు పట్టడం మామూలే' అన్నారు అందరూ. ఆ అందరిలో నేనూ ఉన్నాను, పదిహేడేళ్ల అనుభవం ఉన్న నర్సుని. బీపీ చూడటానికి చేతిలో పట్టీ ఉండి కూడా, మనింటి మనిషే కదా, రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆమెదీ నీ జబ్బేనేమో. అప్పట్లో దానికి పేరు పెట్టినవాళ్లు లేరు.

అందుకే చెబుతున్నాను. నీ నంబర్లు ప్రతి ఉత్తరంలో నాకూ రాయి. ఉప్పు తగ్గించు. మీ కృష్ణానగర్ బళ్ల మీద మిరపకాయ బజ్జీలు మాను. మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా మానకు, ఆఖరికి నేను చెప్పినా సరే.

దీవెన అడిగావు. రోజూ జపమాలలో ఐదో పది పూసల ప్రార్థన నీ కోసం చెబుతున్నాను. అది దీవెన కాదా?

అత్త


ఫిల్మ్ నగర్
14 జూలై 2024

అత్తకు,

నీ ఉత్తరం మూడు రోజులు మళ్లీ మళ్లీ చదివాను. అమ్మ కడుపుతో పోయిందని ఇరవై మూడేళ్ల తర్వాత, నేను కడుపుతో ఉన్నప్పుడు చెప్పాలనిపించిందా నీకు? భయపెట్టి మానిపించాలనుకుంటే ఆ సమయం దాటిపోయింది. నాకిప్పుడు పదహారో వారం.

ప్రేమ్ మాత్రం "ఆవిడ తన తప్పు ఒప్పుకుంటోంది, నిన్ను తిట్టడం లేదు" అంటాడు. అతని పనే అది. డబ్బింగ్ స్టూడియోలో కూర్చుని పొద్దస్తమానం ఎవరి గొంతులో ఏముందో వింటూ ఉంటాడు. కాగితం మీద రాసిన దాంట్లో కూడా గొంతు వినబడుతుందంటాడు. నాకు వినబడలేదు.

అడిగావు కాబట్టి నంబర్లు. ఈ వారం: 118/76, 120/78, 118/78, 122/78, 120/76. ప్రోటీన్ నిల్. పోయిన వారం ల్యాబ్‌లో చేసిన పరీక్షలు కూడా బాగున్నాయి. రవిచంద్ర గారు నా నోట్‌బుక్ చూసి, "ఇంత నీటుగా ఏ పేషెంటూ రాయరమ్మా" అన్నారు.

మేకప్ చీఫ్ కాశీవిశ్వనాథం గారు తెలుసుగా, ఆ పెద్దాయన. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేశారు. "మొహాలతో నలభై ఏళ్ల కాపురం తల్లీ, నాకు ఒకరు చెప్పాలా" అని ఎండలో నిలబడనివ్వకుండా తన కుర్చీ నాకిస్తున్నారు. నాకు ఎండ పడదని చెప్పింది కూడా ఆయనకే. బయటి వాళ్లకున్న కరుణ కొందరు అయినవాళ్లకు ఉండదు.

బజ్జీలు మానేశాను.

షాలిని


కొండవలస
30 జూలై 2024

షాలూ,

ఆఖరి వాక్యానికి ముందు వాక్యం నా కోసమేనని అర్థమైంది. పుచ్చుకున్నాను.

మీ ఆయన విన్నదే నిజం. నిన్ను భయపెట్టాలని కాదు, నేను భయపడుతున్నానని చెప్పాలనుకున్నాను. చెప్పడం చేతకాలేదు. నా ఉత్తరాలు మందుల చీటీల్లా ఉంటాయని మా మఠం పెద్ద మదర్ కూడా అంటుంది.

నీ నంబర్లు చూసి ప్రాణం లేచొచ్చింది. మన జీపు మంగళ, శుక్రవారాలు మాత్రమే కిందకి వెళ్తుంది. ఆ రెండు సాయంత్రాలూ నేను గేటు దగ్గరే. డ్రైవరు బసవపున్నయ్య "సిస్టరుగారికి ప్రేమలేఖలు వస్తున్నాయి" అని మందుల పెట్టెలు దింపే వాళ్లందరికీ చెబుతున్నాడు. వాడికి ఈసారి దగ్గు మందు చేదుది ఇస్తాను.

నీ కోసం ఊలుతో టోపీ మొదలెట్టాను. నీ కోసం అంటే నీకు కాదులే.

కాళ్ల సంగతి రాయలేదు. రాయి.

అత్త


ఫిల్మ్ నగర్
25 ఆగస్టు 2024, ఆదివారం

అత్తా,

టోపీ రంగేమిటి? పసుపైతే పరవాలేదు, ఎవరికైనా సరిపోతుంది.

ఇరవై రెండు వారాలు. కదులుతోంది! షాట్ మధ్యలో తన్నింది. పెద్ద హీరోగారు మూడు పేజీల డైలాగు చెబుతుంటే నేను "అబ్బ" అన్నాను, టేకు పోయింది. ఆయన ఉరిమి చూశారు. కాశీవిశ్వనాథం గారు "కొత్త ఆర్టిస్టు వచ్చిందండీ, డేట్లు దొరకవు" అన్నారు. అందరూ నవ్వేశారు. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదత్తా, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

కాళ్లు అంటావా, సాయంత్రానికి చెప్పుల పట్టీల గుర్తులు పడుతున్నాయి. పెళ్లి ఉంగరం తీసి గొలుసుకి వేసుకున్నాను. రోజుకి పన్నెండు గంటలు నిలబడితే ఎవరికైనా పడతాయి. మా ఓనరమ్మ మెట్ల మీద ఆపి, "ఏంది బిడ్డా, మొకం గిట్ల ఉబ్బింది? నిద్ర పోతలేవా? జర దవాఖానకు పోయి సూపించుకో" అంది. ఆమెకు ఊళ్లో అందరి ఆరోగ్యం గురించీ ఫికరే. షేక్‌పేట నుంచి టోలిచౌకి దాకా ఎవరికి ఏ జబ్బో ఆమెని అడిగితే చాలు. బాత్‌రూంలో సబ్బు నురగలా వస్తోందని ప్రేమ్‌తో అంటే, "కొత్త క్లీనరు వేశాను, అదే అయ్యుంటుంది" అన్నాడు.

నంబర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి కాబట్టి దేనికీ భయపడటం లేదు. పద్దెనిమిది రోజులవి మొత్తం వెనక పేజీలో రాశాను. 122/80, 124/80, 124/78, 122/80, 124/80... అన్నీ అంతే. ప్రోటీన్ ట్రేస్, అంటే జాడ మాత్రమే, ఒక్క ప్లస్ కూడా కాదు. ఇరవయ్యో వారం ల్యాబ్ పరీక్ష కూడా ఫరవాలేదన్నారు. మళ్లీ ఇరవై నాలుగో వారంలో రమ్మన్నారు.

పేరు ఏం పెడదాం? అమ్మ పేరు పెడితే నీకు బాధా?

నీ షాలిని


కొండవలస
2 సెప్టెంబరు 2024

షాలూ,

వెనక పేజీ ముందు చదివాను, ఉత్తరం తర్వాత. నా అలవాటు అది.

పద్దెనిమిది రోజులు. 122, 124, 124, 122. అమ్మా, నలభై ఏళ్లుగా బీపీలు చూస్తున్నాను. ఒకే మనిషికి రెండు చేతులకూ ఒకే నంబరు రాదు. మెట్లెక్కితే ఒకటి, మొగుడితో పోట్లాడితే ఒకటి. నువ్వు పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తూ, ఉంగరం పట్టక, మొహం ఉబ్బి, మూత్రం నురగలొస్తూ, బీపీ మాత్రం గోడకు కొట్టిన మేకులా కదలకుండా ఉందా?

నిజం చెప్పు. చూడకుండానే రాసేస్తున్నావా? నర్సింగ్ స్కూల్లో అలాంటి పిల్లల్ని చూశాను. రాత్రి డ్యూటీలో పడుకుని, పొద్దున పది మంచాల చార్టులూ ఒకే చేత్తో నింపేవాళ్లు. వాళ్ల చార్టులు కూడా ఇలాగే ముచ్చటగా ఉండేవి.

క్లీనరు కాదది. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు.

పేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

అత్త


ఫిల్మ్ నగర్
7 సెప్టెంబరు 2024

సిస్టర్ ఫిలోమినా గారికి,

ప్రతి నంబరూ బీపీ మిషన్ మీద నా కళ్లతో చూసి రాసిందే. ఏసుప్రభువు మీద ఒట్టు. రోజూ పట్టీ కట్టేది ప్రేమే, అతను సాక్షి. ఒక్క అంకె కూడా నేను పుట్టించలేదు. నా వృత్తే ఉన్నది ఉన్నట్టు రాయడం. పదకొండేళ్లలో నన్ను దొంగ అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ మొదటి మాట మీ దగ్గర పడవలసి వచ్చింది.

డాక్టరు దగ్గరికి రేపు వెళ్లాలి. కానీ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా షూటింగ్‌కి ఇరవై రోజులే ఇచ్చారు, సిరీస్ క్లైమాక్స్ అంతా అక్కడే. నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి స్ఫూర్తి గారికి పంపాను. చూసి, "ఇలాగే ఉంటే ఇరవై ఎనిమిదో తారీఖున రండి, తేడా వస్తే వెంటనే రండి" అన్నారు. డాక్టర్లే నమ్మారు. మేనత్తకు నమ్మకం లేదు.

మా అమ్మ విషయంలో మీరు చూడకుండా ఊరుకున్నారని, అందరూ అలాగే చేస్తారనుకోకండి.

షాలిని


కొండవలస
12 సెప్టెంబరు 2024, గురువారం

తల్లీ,

నీ ఆఖరి వాక్యానికి నేను అర్హురాలినే. ఒట్టు పెట్టాక ఇంక అడిగేదేముంది. నమ్మాను. నిన్ను దొంగ అనలేదు గానీ, అన్నట్టే రాశాను. క్షమించు. నీ డాక్టర్లు చదువుకున్నవాళ్లు, దగ్గరుండి చూస్తున్నవాళ్లు. నేను కొండ మీద కూర్చున్న ముసలి నర్సుని.

మళ్లీ 'అత్తా' అని రాయి, చాలు.

టోపీ పసుపు రంగే.

అత్త


కొండవలస
14 సెప్టెంబరు 2024, శనివారం

షాలూ,

మొన్నటి ఉత్తరం నిన్న జీపులో వెళ్లిపోయింది. వెనక్కి తెచ్చే వీలుంటే తెచ్చేదాన్ని. అందులో రాసింది పిరికితనం. నువ్వు నాకు దూరమవుతావని భయపడి, నా కళ్లు చెప్పేదాన్ని కాదనుకుని సంతకం పెట్టాను.

నువ్వు అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను. నీ జూన్ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. 'ఓకే టేకులు మాత్రం ఫెయిర్ కాపీలోకి ఎక్కిస్తాను, డాక్టర్ల నోట్‌బుక్ కూడా అలాగే పెడతాను' అన్నావు. అప్పుడు నవ్వుకుని మడతపెట్టేశాను.

షాలూ, రోజూ బీపీ ఎన్నిసార్లు చూస్తున్నావు? 150 వస్తే మళ్లీ కట్టించుకుని, మళ్లీ కట్టించుకుని, 124 వచ్చినప్పుడు అది మాత్రం రాస్తున్నావా? మిగిలినవి నీ రఫ్ ప్యాడ్‌లో ఉన్నాయా? ఉంటే ఆ ప్యాడ్ పట్టుకుని ఈ నిమిషాన ఆస్పత్రికి వెళ్లు. షూటింగ్ ఆగితే ఆగనీ. రాయాల్సింది మొదట వచ్చిన నంబరు తల్లీ, నచ్చిన నంబరు కాదు.

కోప్పడతావా, కోప్పడు. సిస్టర్ గారూ అని రాస్తావా, రాయి. బతికుండి రాయి.

వాన ఆగడం లేదు. మంగళవారం జీపు కదులుతుందో లేదో. సోమవారం తెరిపిస్తే సిగ్నల్ దొరికే చోటికి పైకెక్కి ఫోన్ చేస్తాను. మూడు కిలోమీటర్లు, నా మోకాళ్లకి అది ఎవరెస్టు. అయినా ఎక్కుతాను.

అత్త


ఫిల్మ్ నగర్
21 సెప్టెంబరు 2024

అత్తా,

నీ పన్నెండో తారీఖు ఉత్తరం అందింది. గుమ్మంలోనే నిలబడి చదివి ఏడ్చేశాను. నేనే క్షమాపణ అడగాలి. అమ్మ గురించి రాసిన ఆ మాట పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి పెట్టి లాగాలనిపించింది. నీకంటే నాకెవరున్నారు? నువ్వు నమ్మావు, అంతే, గుండె తేలికపడింది.

ఇరవై ఆరో వారం నడుస్తోంది. అక్టోబరు ఆరుకి ఇంక రెండు వారాలు. రోజూ క్యాలెండర్ మీద గడి కొట్టేస్తున్నాను. ఇరవై ఏడుతో షెడ్యూల్ అయిపోతుంది, ఇరవై ఎనిమిదిన డాక్టరు, తర్వాత విశ్రాంతే విశ్రాంతి.

బంగళాలో లైట్లు ఎక్కువ, తలనొప్పి వదలడం లేదు. నిన్న రెండుసార్లు కళ్ల ముందు మిణుగురులు తిరిగినట్టయింది. కాశీవిశ్వనాథం గారు "నీ మొహానికి నేను మేకప్ వేయకుండానే ఎవరో వేశారు తల్లీ" అని, ఈసారి నవ్వకుండా అన్నారు. ఈ ఆరు రోజులూ గట్టెక్కితే చాలు.

నంబర్లు మామూలే. 124/80.

నీ షాలిని


కొండవలస
12 అక్టోబరు 2024

షాలూ,

ఇది మదర్ పక్కన కూర్చుంటే రాస్తున్నాను. పదహారో తారీఖు ఫోన్ కోసం పైకెక్కుతుంటే జారి, కుడి కాలు విరిగింది. కట్టు వేసి మంచానికి అంటించారు. వానలకు ఘాట్ రోడ్డు తెగి, మూడు వారాలు జీపు కదల్లేదు. నా పద్నాలుగో తారీఖు ఉత్తరం అన్నాళ్లూ బసవపున్నయ్య సంచిలోనే ఉందట.

నిన్న విశాఖ కాన్వెంటు నుంచి కబురొచ్చింది. ప్రేమ్ చంద్ అక్కడికి ఫోన్ చేశాడట. బిడ్డ పుట్టిందని, తొమ్మిది రోజులు ఉందని, వెళ్లిపోయిందని. అంతే చెప్పారు. నీకెలా ఉందో వాళ్లకూ సరిగ్గా తెలియదు.

నాకు అంతా రాయి. నన్ను తిట్టాలంటే తిట్టు. నేను చేయాల్సిన పని రెండు రోజులు ఆలస్యంగా చేశాను, అప్పుడు మీ అమ్మకీ అంతే, ఇప్పుడు నీకూ అంతే. జ్ఞానస్నానం ఇచ్చారా? పేరేం పెట్టారు?

ఇంకొకటి. ఇన్నాళ్లూ నోట్‌బుక్ బిడ్డ కోసం పెట్టావు. ఇప్పుడు నీ కోసం పెడతావా? ఒంటి మీద ఆశ వదిలేసిన ఆడవాళ్లను చూశాను, అందుకే అడుగుతున్నాను.

టోపీ అయిపోయింది. ఏం చేయాలో తెలియక తలగడ కింద పెట్టుకున్నాను.

అత్త


ఫిల్మ్ నగర్
20 అక్టోబరు 2024, ఆదివారం

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పద్నాలుగో తారీఖుది ముందు చదివాను.

నువ్వు రాసిందంతా నిజం. ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున 144/92 వచ్చింది. 'ఐదు నిమిషాలు కూర్చుని చూడాలి, ఎక్కువ వస్తే మళ్లీ చూడాలి' అని డాక్టరే చెప్పారు కదా, ఆ మాట పట్టుకున్నాను. మళ్లీ చూస్తే 136. ప్రేమ్ "వన్ మోర్?" అన్నాడు. మేమిద్దరం రోజుకి వందసార్లు వినే మాట అది. మూడోసారి 126. నోట్‌బుక్‌లో 126 రాశాను. ఆ రోజు నవ్వుకున్నాం కూడా. తర్వాత నాలుగుసార్లు, ఐదుసార్లు. సెప్టెంబరులో ఒక రోజు పదకొండుసార్లు. ఎడమ చేతికి రాకపోతే కుడి చేతికి, కూర్చుంటే రాకపోతే పడుకుని. స్ట్రిప్ కూడా అంతే. లేవగానే చూస్తే రెండు ప్లస్‌లు. లీటరున్నర నీళ్లు తాగి పదకొండింటికి చూస్తే ట్రేస్. ట్రేసే రాసేదాన్ని.

అబద్ధం ఆడుతున్నానని ఒక్క రోజు కూడా అనుకోలేదత్తా. నీకు ఒట్టు పెట్టినప్పుడు కూడా నిజమే చెబుతున్నాననుకున్నాను. ఎన్.జి. టేకులు ఎవరైనా పంపుతారా? మంచిది వచ్చిందాకా తీస్తాం, వచ్చిందే సినిమా. పదకొండేళ్లు అలాగే బతికాను. ఇప్పుడు ఆలోచిస్తే దాని కింద ఇంకో సంగతి ఉంది. 'మేం నిన్నే చూసుకుంటాం' అన్నారు రవిచంద్ర గారు. ఆ నంబరు చూస్తే నన్ను కాపాడి బిడ్డను తీసేస్తారని నా భయం. నేను దాన్ని దాచిపెట్టాననుకున్నాను.

ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం బంగళాలో ఆఖరి సీను. గాజులు లెక్కపెడుతుంటే ఒక్కోటి రెండుగా కనబడింది. ఆ తర్వాత నాకు తెలియదు. ఫిట్స్ వచ్చాయట. నాలుక కొరుక్కోకుండా కాశీవిశ్వనాథం గారు పక్కకి తిప్పి పట్టుకున్నారట. ఆస్పత్రిలో బీపీ 196/124. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, ఏడువందల అరవై గ్రాములు.

స్ఫూర్తి గారు నోట్‌బుక్ ముందు పెట్టుకుని, నిన్నటి 124 ఏమిటి, ఈ 196 ఏమిటని ప్రేమ్‌ని అడిగారట. అతను నా బ్యాగు తెరిచి రఫ్ ప్యాడ్ ఇచ్చాడు. గాజులు, చీర రంగులు, టీ కప్పుల మధ్య మార్జిన్లలో నా బీపీలన్నీ ఉన్నాయి, పక్కన ఎన్.జి. అని. ఆవిడ పేజీలన్నీ తిప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారట. తర్వాత నేనే అడిగాను, ఇది ముందే చూపిస్తే బతికేదా అని. "నెల ముందే అడ్మిట్ చేసి మందులు పెంచేవాళ్లం. కొన్ని వారాలు దొరికేవేమో. ఖచ్చితంగా చెప్పలేను" అన్నారు. ఆ 'ఏమో' నాతోనే ఉంటుంది.

జ్ఞానస్నానం ఇచ్చాం. మొదటి రోజే. అద్దాల పెట్టెలో వైర్ల మధ్య ఉన్న పిల్ల మీద నీళ్లు పోయనివ్వరు కదా. కేరళ నర్సు ఒకావిడ సిరంజిలో నీళ్లు తెచ్చి ప్రేమ్ చేతికి ఇచ్చింది. ఆవిడే అతని మణికట్టు పట్టుకుంది. మూడు చుక్కలు. పేరు రోజ్‌మేరి. నిన్ను అడగకుండానే పెట్టాను.

దాని నంబర్లు కూడా నీకు రాయాలి. 760, 735, 710, 705, 705, 715, 720, 700, 690. ఐదో రోజు బరువు తగ్గకుండా నిలబడితే, ఆరో రోజు పది గ్రాములు పెరిగితే, మేం కారిడార్‌లో టీ తాగాం. నా చిటికెన వేలు పట్టుకుంది. దాని చెయ్యి మొత్తం నా గోరంత. పదో రోజు పొద్దున ఊపిరితిత్తుల్లో రక్తం పడిందన్నారు. ఆ రోజు అక్టోబరు ఆరు.

నాకు ఇప్పటికి మూడుసార్లు డయాలసిస్ అయింది. ప్రస్తుతానికి ఆపారు. క్రియాటినిన్ 3.1, ఒకటి లోపు ఉండాల్సింది. కిడ్నీలు కొంతవరకైనా తిరిగి వస్తాయో, రావో నెలలు గడిస్తే గానీ తెలియదట. నెలకోసారి పెద్ద ఇంజెక్షన్ మొదలెట్టారు. దానివల్ల మళ్లీ పిల్లలు పుట్టకపోవచ్చని సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను.

నువ్వు రెండు రోజులు ఆలస్యమని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. ఆ ఉత్తరం టైముకి వచ్చినా, నేను చదివి చించేసి ఉండేదాన్నేమో. కోపంతో నీ నోరు మూయించింది నేనే. మా ఓనరమ్మ చెప్పింది, మేకప్ ఆయన చెప్పారు, నువ్వు చెప్పావు, అందరికీ నా ఫెయిర్ కాపీ చూపించాను. ప్రేమ్‌కీ నాకూ ఇంట్లో మాటలు తక్కువైపోయాయి. 'వన్ మోర్' అన్నది తనేనని అతను, రాసింది నేనేనని నేను.

రఫ్ ప్యాడ్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నీ దగ్గర ఉంచు. ఉత్తరం కూడా తిరగరాయలేదు, కొట్టివేతలు ఉన్నాయి, ఓర్చుకో. టోపీ పంపించు. పెట్టడానికి తల లేకపోయినా నాకు కావాలి.

నా కోసం నోట్‌బుక్ పెడతానా అని అడిగావు. రెండు వారాలు పెట్టలేదు. బీపీ మిషన్ అల్మారాలో పెట్టి తాళం వేశాను. నీ ఉత్తరం చదివాక ఇవాళ పొద్దున తీశాను. ప్రేమ్ పట్టీ కట్టాడు. 164/104 వచ్చింది. ఇద్దరం చూశాం. అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. నేను పెన్ను తీసుకుని 164/104 అని రాసి, రవిచంద్ర గారికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం రమ్మన్నారు. ఆటో కింద ఆగింది, వెళ్తున్నాను.

షాలిని